మట్టిగూటి మూత

మా పెద్దమ్మాయికి అప్పుడు రెండేళ్లు. భువనగిరి స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఎటు పోతుందోనన్న భయంతో దాని చేతిని నా కొంగుకు ముడేసుకుని కూర్చున్నాను. అది గింజుకుంటూ ఏడుస్తోంది.

పక్కనున్న ముసలి మేస్త్రి గోడ మూలన కందిరీగ కట్టిన మట్టిగూడును చూపించాడు.

"నలభై ఏండ్ల సంది గోడలు కడుతున్న బిడ్డా, దీని పనితనం నాకు రాలే. లోపట గుడ్డు పెట్టి, తిండి పెట్టి, మూత మూసి పోతది. మల్ల రాదు."

"మరి పిల్ల బయటికి ఎట్ల వస్తది?"

"గోడ గట్టిగ కడతది. మూత మాత్రం జర పల్చగ పెడతది. పిల్ల పగలగొట్టుకొని రావాలె గదా!"

నా కొంగు వైపు ఆయన చూడనైనా లేదు. నేనే ముడి విప్పాను.

పాప ఏడుపు ఆపి గోడ దాకా పరుగెత్తింది. గూడు కింద నిలబడి "అమ్మా" అని కేకేసింది.

కూర్చున్న చోటి నుంచే "ఊ" అన్నాను.