అప్పయమ్మ వాకిట్లో ముగ్గు పడని రోజులు

మా ఊరి అప్పయమ్మ చిటికెడు ముగ్గుపిండితో చోడవరం సర్కారు ఆసుపత్రిని మూడేళ్ళు నడిపింది. నమ్మకపోతే మానండి. ఆవిడ గీసిన గీత తిన్నగా ఉన్న రోజు డాక్టరుగారి సూది నొప్పి పుట్టేది కాదు. వంకర పోయిన రోజు సీసాల్లో మందు చేదెక్కేది. ఒకసారి గీత మధ్యలో తెగిపోతే ఆసుపత్రి జీపు రావికమతం రోడ్డులో ఆగిపోయి, ఆవిడ మళ్ళీ వంగి కలిపేదాకా కదలనే లేదు. ఇదంతా నేను కళ్ళారా చూశాను. ఎనిమిదో తరగతిలో మూడేళ్ళు కూర్చుంటే మాస్టార్లకే విసుగొచ్చి బయటికి పంపేశారు కాబట్టి, నా చూపు పుస్తకాల వల్ల పాడవలేదు.

సరే, కాస్త తగ్గించి చెబుతాను.

అప్పయమ్మకి అప్పటికే డెబ్బై దగ్గర పడ్డాయి. రోడ్డు పక్కన ఒంటిగది తాటాకిల్లు. పిల్లల్లేరు. మొగుడు తాతబ్బాయి రంగంలో ఉన్నాడు. రంగం అంటే రంగూన్. మా వైపు ముసలివాళ్ళంతా అలాగే అంటారు. యుద్ధం ముదిరిన ఏడు అక్కడి రేవులో ఆవిణ్ణి ఓడ ఎక్కించి, "ఎనకాల ఓడకి నానొస్తాను" అన్నాడట. ఆ వెనకాల ఓడ ఇరవై ఏడేళ్ళయినా రాలేదు.

1968లో నూతి దగ్గర జారిపడి అప్పయమ్మ కాలు విరిగింది. పట్నం పెద్దాసుపత్రిలో రెండు నెలలు కట్టుతో పడుకుని, చేతికర్రతో తిరిగొచ్చింది. చోడవరం డాక్టరుగారు మంచివారే గాని, ఒంటరి ముసలివాళ్ళంటే ఆయనకు భయం. అంతకు ముందు ఏడు పక్క ఊళ్ళో ఒక ముసలాయన ఇంట్లో పడిపోతే నాలుగు రోజులకు గాని ఎవరికీ తెలియలేదు. ఆ తలుపు తెరిపించింది ఈయనే. అందుకని మా ఊరొచ్చి, "అమ్మా, పట్నంలో వృద్ధుల శరణాలయం ఉంది. కాగితం రాసిస్తాను, వెళ్ళిపో" అన్నారు.

"నానెల్ను" అంది అప్పయమ్మ.

"అక్కడ వేళకి అన్నం పెడతారు. మంచం ఇస్తారు. చుట్టూ మనుషులుంటారు."

"ఇక్కడ నా గుమ్మం ఉంది బాబూ."

అప్పుడు మధ్యలో కలగజేసుకుంది నర్సమ్మ గంగాభవాని. వారానికోసారి మా ఊరు నడిచొచ్చి బాలింతలను చూసే మనిషి. ఆవిడ ఊళ్ళో నలుగురినీ అరుగు మీద కూర్చోబెట్టి పని పంచింది. పక్కింటి మంగాయమ్మ రోజూ రెండు బిందెల నీళ్ళు తెచ్చి పెట్టాలి. చెరుకు బళ్ళవాళ్ళు పంచదార ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చేటప్పుడు నాలుగు పుల్లలు పడేసి పోవాలి. నర్సమ్మ శుక్రవారం శుక్రవారం కాలూ నాడీ చూస్తుంది. నేను పొద్దున్నే సైకిలు మీద చోడవరానికి పాలు తీసుకుపోయేవాణ్ణి కనుక, పోతూ పోతూ ఆవిడ వాకిలి చూడాలి.

"ముగ్గుందంటే లేచినట్టు, నీళ్ళు చల్లినట్టు, వంగినట్టు, కళ్ళు కనిపిస్తున్నట్టు. ఇంతకన్నా బాగా నాడి చూడ్డం నాకూ రాదు" అంది నర్సమ్మ. ముగ్గు లేకపోతే నేను తిన్నగా ఆసుపత్రికి పోయి చెప్పాలి.

డాక్టరుగారు ఒప్పుకున్నారు గాని ఒక మెలిక పెట్టారు. వరసగా మూడు రోజులు ముగ్గు పడకపోతే ఇక మాటల్లేవు, జీపులో శరణాలయానికే.

అలా మొదలైంది ఆసుపత్రిని నడపడం. ముగ్గంటే పెద్ద ముగ్గేమీ కాదు. నాలుగు చుక్కలు, చుట్టూ ఒక గీత. నేను సైకిలు ఆపి ఒక కాలు నేల మీద పెట్టేవాణ్ణి.

"మామ్మా, ఈయేళ గీత వంకరగుంది. డాక్టరుబాబుకి సెప్పీమంటావా?"

"నీ సైకిలు సక్రం కన్నా తిన్నగానే ఉంది. పాలల్లో నీళ్ళు కలపడం అయిపోనాదా?"

"పాలల్లో నీళ్ళేటి మామ్మా. నీళ్ళల్లోనే పాలు కలిపేను."

"అదీ, నిజం సెప్పేవు."

ఆ నాలుగు మాటలే ఆవిడకు రోజంతటికీ. మంగాయమ్మకు నలుగురు పిల్లలు, బిందెలు దించి పరుగెత్తేది. చెరుకు బళ్ళు ఆగేవి కావు, పుల్లలు విసిరి పోయేవి. మధ్యాహ్నం నేను ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చే వేళకు ఆవిడ గుమ్మంలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేది. బస్సు ఆగితే దిగేవాళ్ళ కాళ్ళు చూసేది, మొహాలు కాదు. ఎందుకని అడిగాను.

"మొగాలు మారిపోతాయి. నడక మారదు" అంది.

ఆ మాటతో ఆవిడ ఇల్లు ఎందుకు వదలదో నాకు తెలిసిపోయింది. ఊరంతా తిరిగి చెప్పాను కూడా.

1971 మాఘమాసంలో ఆవిడకు ఒక ఉత్తరం వచ్చింది. చదివిపెట్టమని నాకిచ్చింది. రాసినవాడు తవిటయ్య, రంగంలో తాతబ్బాయితో కలిసి ఉన్న మనిషి. రంగం నుంచి తిరిగొచ్చి పట్నంలో బర్మా క్యాంపులో ఉంటున్నాడట. రెండు వాక్యాలు చదివి ఆగిపోయాను.

"నీ సొంత ముక్కలు కలపకుండా సదువు" అంది.

చదివాను. తాతబ్బాయి కిందటి శ్రావణంలో జ్వరంతో పోయాడు. అక్కడే మట్టి చేశారు. మా ఊరి ఆనవాలు కనుక్కోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. అంతే. నేను రాసి ఉంటే ఆయన చివరి మాటలే రెండు పేజీలుండేవి.

"పోయేముందు ఏటైనా అన్నాడని రాసేడా?"

నీ పేరు చెప్పి పోయాడట అని ఒక్క మాట కలిపితే అడిగేవాడెవడు? నోటిదాకా వచ్చింది. కాని ఆవిడ నన్ను చూడటం లేదు, కాగితాన్ని చూస్తోంది. చదవడం రాని మనిషి కాగితాన్ని అంత నమ్మకంగా చూస్తుంటే ఆ మాట మింగేశాను.

"రాయలేదు మామ్మా."

"సరే. ఎవులికీ సెప్పకు. ఆడోలంతా వొచ్చి నా మెడట్టుకుని ఏడుస్తారు. ఆలెవులికీ ఆయన తెల్దు. సెప్పేవంటే నా గుమ్మం తొక్కకు."

మర్నాడు వాకిట్లో ముగ్గు లేదు.

చావు కబురు విన్న ఇంట్లో మైల తీరేదాకా ముగ్గు పెట్టరు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకు తెలుసు. ఆసుపత్రివాళ్ళతో కుదిరిన ఒప్పందానికి తెలియదు. కబురెప్పుడో ఆరునెలల నాటిది, ఇప్పుడింత పట్టింపెందుకని ఎవరైనా అనొచ్చు. ఆవిడ మాత్రం విన్న మర్నాటి నుంచి లెక్క పెట్టుకుంది. నేను ఆసుపత్రి దాకా పోయి, సైకిలు దిగి, మళ్ళీ ఎక్కాను. నా జన్మలో నోరు మూసుకున్న మొదటి రోజు అది. రెండో రోజు తలుపు దగ్గరకు వెళ్ళి గొణిగాను.

"మామ్మా, ఒక్క గీత గీసీ. లేపోతే ఆలు నిన్ను అట్టుకుపోతారు. మైలని నీకు నాకే కాదా తెలుసు. ఎవులు సూస్తారు?"

"నాను సూస్తాను కాదా" అంది లోపల్నుంచి.

మూడో రోజు మంగాయమ్మే చెరుకు బండివాడితో ఆసుపత్రికి కబురంపింది. ముసలమ్మ లేవలేకపోతోందనీ, పిలిస్తే పలకడం లేదనీ. తప్పు ఆమెది కాదు, తనకు అప్పజెప్పిన పని తను చేసింది. జీపు వచ్చింది. డాక్టరుగారూ నర్సమ్మా దిగారు. ఊరు సగం పోగయింది.

"మూడు రోజులు, సత్యారావూ. నువ్వెందుకు చెప్పలేదు?" అన్నారు డాక్టరుగారు.

నేను మాట తప్పాను. "ఆవిడకి ఒంట్లో బాగానే ఉంది బాబూ. మొగుడు పోయేడు. మైల" అన్నాను.

"రంగంలో పోతే నీకెలా తెలిసింది? కల్లోకొచ్చి సెప్పేడా?" అంది మంగాయమ్మ.

"ఉత్తరం వొచ్చింది."

"మొన్న కొండసిలవ సెరుకు బండిని ఎద్దుల్తో కలిపి మింగీసిందన్నావు. అదీ ఉత్తరం రాసిందేటి?"

అందరూ నవ్వారు. డాక్టరుగారు కూడా. నా బతుక్కి నిజం చెప్పిన రోజునే ఇలా జరిగింది. జీపు డ్రైవరు స్ట్రెచరు కిందికి దించాడు.

తలుపు తెరుచుకుంది. అప్పయమ్మ కర్ర ఆన్చుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. చేతులకు గాజులు లేవు. ఎప్పుడు తీసిందో, ఒక్కతే ఎలా తీసుకుందో. ముందుగా చూసింది నర్సమ్మ. దగ్గరకు వెళ్ళి, "ఎవరు పోయారమ్మా?" అని మెల్లగా అడిగింది.

మా వైపు ఆ కాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. ఆసుపత్రి కార్డు రాసిన రోజు కూడా మామ్మ నన్ను చూపించి, "ఆణ్ణడుగు" అంది. ఇప్పుడూ నావైపు చూస్తుందని తయారుగా నిలబడ్డాను. చూడలేదు.

"తాతబ్బాయి" అంది. ఎన్నడూ పలకని పేరు, నోరు సరిగ్గా తిరగలేదు. మళ్ళీ అంది. "తాతబ్బాయి పోయేడు."

నవ్వు ఆగిపోయింది. మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరుగారు, "వంగగలవా అమ్మా?" అన్నారు.

ఆవిడ కర్ర గోడకు ఆన్చింది. వంగి, గుమ్మం ముందు రాలిన తాటాకు ముక్క తీసి పక్కన పడేసి, లేచి నిలబడింది.

"వొంగగల్ను. ముగ్గెయ్యను. పదకొండు రోజులు."

స్ట్రెచరు మళ్ళీ జీపెక్కింది. నర్సమ్మ ఒక్కతే కదల్లేదు. "మరి ఈ పదకొండు రోజులూ నువ్వెలా ఉన్నావో మాకెలా తెలియాలి?" అంది.

"మూడైపోనాయి. ఎనిమిదే. ఈడు బెల్లు కొడతాడు. నాను పలుకుతాను."

ఎనిమిది రోజులు అలాగే జరిగింది. నేను రోడ్డు మీద బెల్లు కొట్టేవాణ్ణి. లోపల్నుంచి "ఉన్నాను" అని వినిపించేది. అంతే. వెళ్ళి పక్కన కూర్చున్నవాళ్ళు లేరు. మైల ఇల్లని కొందరు, ఏం మాట్లాడాలో తెలియక కొందరు. నేను రెండో రకం. పలికిన తరవాత కూడా కాసేపు అక్కడే నిలబడేవాణ్ణి, ఇంకో మాట అంటుందేమోనని. అనేది కాదు. ఆరో రోజు బెల్లుకు జవాబు రాలేదు. రెండోసారి కొట్టినా రాలేదు. సైకిలు పడేసి, పాలు రోడ్డు పాలు చేసి లోపలికి పరుగెత్తాను. గంజి ముంత ముందు కూర్చుని ఉంది.

"ఏటా తొందర? నోట్లో ముద్దుంటే ఎలాగ పలుకుతాను?"

పన్నెండో రోజు పొద్దున్న నాలుగు చుక్కలు, చుట్టూ గీత. మూడు రోజుల మెలిక డాక్టరుగారు ఎత్తేశారు. ముగ్గు పడకపోతే ముందు ఇంట్లోకి వెళ్ళి కారణం అడగాలని నర్సమ్మ మా అందరినీ ఒప్పించింది. రోలుగుంట వైపు ఇద్దరు ముసలివాళ్ళకు కూడా ఇలాగే ఏర్పాటు చేసింది. వాళ్ళు మగవాళ్ళు, ముగ్గు వేయరు కనుక పొయ్యి పొగ చూడమంది.

ఇప్పుడు 1974. అప్పయమ్మ ఆ ఇంట్లోనే ఉంది. మొగుడు రాడని తెలిశాక కూడా, ఆయన ఆత్మ దారి తప్పకుండా ఆ గుమ్మానికే రావాలని ఇల్లు వదల్లేదు. ఈ ముక్క చోడవరం టీకొట్టులో నేను చెబితే లారీ డ్రైవర్లు కూడా కళ్ళు తుడుచుకున్నారు. మొన్న ఇదంతా రాసి తీసుకెళ్ళి ఆవిడకు చదివి వినిపించాను. చివరిదాకా విని ఇలా అంది:

"ఆయన కోసం కాదురా సత్తిగా. ఆయనొస్తాడని నానెప్పుడూ అనుకోనేదు. రోడ్డు సూడ్డం ఏరు, ఇంట్లో ఉండడం ఏరు. ఇది నా ఇల్లు, అందుకున్నాను."