విమానం ముక్కులో సీసం

పక్క షాపువాడు నిన్న షట్టర్‌కు రంగు వేయించాడు. పెయింటరు థిన్నర్ డబ్బా మూత తీయగానే ఆ ఘాటు మా గల్లాపెట్టె దాకా వచ్చింది. కందిపప్పు జోకుతున్న నా చెయ్యి కాసేపు ఆగిపోయింది. "ఏంది సేటు, కాంటా పనిచేస్తలేదా?" అని ఎదురుగా నిలబడ్డాయన అడిగాడు. కాంటా బాగానే పనిచేస్తోంది. ఆ వాసన వస్తే చాలు, నాకు కామారెడ్డి బజారు కనిపించదు. ఎల్లారెడ్డిలో మా అక్కవాళ్ల ముందుగది, కిటికీ పక్కన బల్ల, ఆ బల్ల మీద నిలువునా చీల్చిన చేపలా రెండు చెక్కలుగా పడుకున్న విమానం, దాని మీదికి వంగి కూర్చున్న మా బావ కనిపిస్తారు.

బావ పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్టులో విమానాలకు సామాన్లు ఎక్కించే పని చేశాడు. ఎన్ని విమానాల కడుపుల్లో దూరి వచ్చాడో లెక్కలేదు గానీ, సీట్లో కూర్చున్నది మాత్రం రెండేళ్లకోసారి, సెలవుకు వచ్చేటప్పుడే. ఆఖరిసారి వచ్చేసినప్పుడు అందరూ తెచ్చే కంబళ్లు, సెంటు సీసాలతో పాటు ఒక పెద్ద అట్టడబ్బా కూడా తెచ్చాడు. ఆయన రోజూ లోడ్ చేసిన రెండింజన్ల పెద్ద జెట్టు బొమ్మ దాని మీద ఉంది. లోపల మాత్రం విమానం లేదు. మూడువందల చిల్లర ప్లాస్టిక్ ముక్కలు, బొమ్మలు గీసిన కాగితాల పుస్తకం ఉన్నాయి. డబ్బాను ఊపి చూస్తే పుట్నాల సంచిలా గలగలమంది. ఎంతకు కొన్నావని అడిగి, ఆయన చెప్పగానే, "నేనైతే సగానికి తెద్దును బావా" అన్నాను. ఏ ఊళ్లో, ఏ కొట్లో కొన్నాడో కూడా నాకు తెలియదు. అయినా సగానికే తెద్దును. మా ఇంట్లో పుట్టినవాళ్లకు నడక కంటే ముందు ఆ మాటే వస్తుంది.

ఆ డబ్బా ఐదేళ్లు అలమారా మీదే ఉంది. తీరిక లేదనేవాడు. తీరిక వేరే దారిలో వచ్చింది. మొదట చొక్కా గుండీలు పట్టు తప్పాయి. తర్వాత చాయ్ గ్లాసు. హైదరాబాదు తీసుకెళ్తే నరాల జబ్బు అన్నారు: ముందు చేతులు పోతాయి, తర్వాత కాళ్లు, మాట, చివరికి ఊపిరి. మందు లేదు. డాక్టరు రెండేళ్లు అన్నాడు. "మూడు అనుకోవచ్చా సార్?" అన్నాను నేను. ఆ గదిలో అక్క ఏడుస్తోంది, బావ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు, నేను బేరం ఆడుతున్నాను. డాక్టరు నన్నొకసారి చూసి చీటీ రాసుకున్నాడు. ధర తగ్గించని కొట్లు కూడా ఉంటాయని ఆ రోజు తెలిసింది.

ఇంటికి రాగానే బావ అలమారా మీది డబ్బా దింపమన్నాడు. "వేళ్లు పోకముందే దీన్ని నిలబెట్టాలె బామ్మర్దీ. మూడు కాళ్ల మీద, సక్కగ. నేను ఒక్కటన్న సొంతంగ నిలబెట్టిన అనిపియ్యాలె."

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఎల్లారెడ్డి బస్సెక్కేవాణ్ని. సాయం చేయడానికని చెప్పేవాణ్ని గానీ, నిజానికి బల్ల పక్కన కూర్చుని వ్యాఖ్యానాలు చేయడానికే. ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా అంటుకుని ఉన్న ముక్కలను ఆయన గోళ్ల కత్తెరతో తుంచేవాడు. ఇంజన్ రెక్కలు మినప్పొట్టు కంటే పలచన. పట్టకారుతో ఒకదాన్ని పట్టుకుని, చెయ్యి వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఆగిన ఆ ఒక్క క్షణంలో అంటించేవాడు. ఒక చక్రం కాలు బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. ముక్క కింద పడితే అక్క చీపురు పక్కన పెట్టి మోకాళ్ల మీద వెతికేది. "బియ్యంల రాళ్లు ఏరిన కండ్లు గాబట్టి దొరుకుతున్నయి, లేకుంటే మీ ఇమానం చెత్తచాటల పోతుండె" అనేది.

విమానం చెక్కలు రెండూ మూసేముందు ముక్కులో బరువు పెట్టాలి. పుస్తకంలో ఒక చిన్న తూకపు గుండు బొమ్మ, పక్కన ముప్పై గ్రాములు అని ఉంది. నాకు అర్థం కాకపోతే బావ చెప్పాడు: "ఇది ఎనక బరువుంటది. ముంగట తూకం లేకుంటే ముక్కు లేసి తోక మీద కూసుంటది. ఎనకటి సామాను ముందుగాల ఎక్కిస్తే నిజం ఇమానం గూడ గట్లనే అయితది. మా ఫోర్‌మన్ గందుకే తిట్టెటోడు." మరుసటి ఆదివారం వలలకు కట్టే సీసపు గుండ్లు మా కాంటా మీద జోకి తీసుకెళ్లాను. సరిగ్గా ముప్పై. ఒప్పుకుంటాను, ఆ తూకంలో దోషం లేదు.

బావ గుండ్లు పట్టుకోబోతే రెండు జారి బల్ల కిందికి పోయాయి. ఏరి ఇచ్చాను. "నువ్వే పొయ్యి, నాకు అందుతలేవు" అని మంచం మీద వాలి కళ్లు మూసుకున్నాడు. నేను థిన్నర్‌లా ఘాటు కొట్టే జిగురు పూసి గుండ్లు పేర్చాను. ఇరవై గ్రాముల దాకా బాగానే పట్టాయి. మిగతావి పట్టాలంటే ఒక్కొక్కటీ సుత్తితో చదును చేసి ఇరికించాలి. కామారెడ్డి బస్సుకు టైం అవుతోంది. అప్పుడు నా బుద్ధి పనిచేసింది. ముప్పై అని మొదట అడిగినవాడికి ఇరవై చాలు. ఎవడైనా పెంచే చెబుతాడు. నలభై ఏళ్లుగా నేను మనుషులతో ఆడిన బేరాన్ని ఆ రోజు ఒక కాగితంతో ఆడాను. కాగితం ఎదురు చెప్పలేదు. మిగిలిన గుండ్లను ఖాళీ అగ్గిపెట్టెలో వేసి, డబ్బా అడుగున చట్రాల కిందికి తోశాను.

"ముప్పై పోసినవా?" అన్నాడు బావ కళ్లు తెరవకుండానే.

"పోసిన బావా."

చెక్కలు మూసి రబ్బరు బ్యాండ్లు వేశాం. తర్వాత మూడు నెలలు అతుకుల మీద పుట్టీ, పుట్టీ మీద తడిపిన గరుకు కాగితంతో రాపిడి, రాపిడి మీద రంగు. కిటికీల వరుసలు నీళ్లలో నానబెట్టి జరిపే స్టిక్కర్లు. ఒకటి ఆయన వేలి కింద చిరిగితే ఆ రోజు అన్నం తినలేదు. చివరి వారాల్లో కుంచెను వేళ్లకు రబ్బరు బ్యాండుతో కట్టించుకుని గీశాడు.

నిలబెట్టే రోజు అక్క చీర మార్చుకుంది. బావ రెండు మణికట్ల మధ్య విమానాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాడు. చేతులు తీశాడు. ముక్కు మెల్లగా పైకి లేచింది. తోక బల్లకు టక్కున తగిలింది. ఆయన మళ్లీ ముక్కు వంచాడు, వదిలాడు. మళ్లీ టక్కుమంది.

"ఎగురుతున్నట్టున్నది, మంచిగనే ఉన్నది" అంది అక్క.

"ఎగురుతలేదు. ఎనకకు పడ్డది" అన్నాడు బావ. తోకను మణికట్టుతో తడిమి, "తోక దిక్కు పుట్టీ ఎక్కువ పెట్టిన. చేతికి తెలుస్తలేదు గద" అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. కానీ తూకం తక్కువైందని అడగని మనిషికి మా వాళ్లు తరతరాలుగా ఎవరూ చెప్పలేదు. నేనూ ఆ సంప్రదాయం తప్పలేదు. "పోనీ బావా, బాగనే అయింది" అని బస్సుకు వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆయన తొమ్మిది నెలలు ఉన్నాడు. ఆదివారాలు మానలేదు నేను. చేతులు ఒళ్లో పడి ఉండేవి, తర్వాత కాళ్లూ కదలడం మానేశాయి. వెళ్లగానే చాయ్, ఊరి కబుర్లు, ధరలు. కబుర్లయ్యాక బావ నా వైపు తిరిగి, "ఇంకేంది బామ్మర్దీ?" అనేవాడు. "ఏం లేదు బావా" అనేవాణ్ని. మాట ముద్దయిపోయాక కూడా ఆ ఒక్క ముక్క అడిగేవాడు. మాట పూర్తిగా పోయాక కళ్లతో అడిగాడు. నేనప్పుడు కూడా ఏం లేదనే అన్నాను. పాపం, ఇంకెన్నాళ్లో ఉండడు, ఈ సంగతి చెప్పి బాధపెట్టడం దేనికి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా సరుకు నాకే అమ్ముకోవడంలో నన్ను మించినవాడు లేడు.

దినాలయ్యాక ఒక రోజు అక్క అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. ఊపకుండానే అందులో ఏముందో నాకు తెలుసు.

"ఇవి నీయే గద తమ్మీ? ఇమానం నిలబడని నాడే డబ్బల దొరికినయి. నువ్వు పోయినంక ఆయినకు చూపెట్టిన."

"ఏమన్నడు?"

"'నువ్వు అడగకు, ఆడే చెప్తడు' అన్నడు. చక్రం పక్కన చిన్న తూటు పెడితే గుండ్లు లోపలికి పోతయంట. అద్దగంట పనంట. 'ఆడు చెప్పిననాడు ఆనితోనే పోయిస్త' అన్నడు. గందుకే పారెయ్యకుండ దాచిపెట్టిన." అక్క కొంగుతో అగ్గిపెట్టె మీది దుమ్ము తుడిచింది. "ఆదివారం పొద్దుగాల్ల లేవంగనే అగ్గిపెట్టె బల్ల సొరుగుల పెట్టుమనేటోడు."

తొమ్మిది నెలల ఆదివారాలు. ఆయనకు టైం ఎంతో లేదని జాలిపడుతూ నేను ఎదురుగా కూర్చున్నాను. ఉన్న ఆ కాస్త టైమూ ఆయన నా కోసం ఎదురుచూడడానికే ఖర్చు పెట్టాడు.