నాయనమ్మ రజాయి, బేత్లెహేము మంచు

ఆ రజాయి సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పోలీసు చర్య జరిగిన సంవత్సరం. మేం కార్ఖానా అనే పేటలో ఉండేవాళ్లం. నాన్న మిషను బడిలో భూగోళం చెప్పేవాడు. ఏటా చలికి ముందు దూదేకుల తాత భుజాన విల్లుతో వచ్చి, నాయనమ్మ కప్పుకునే రజాయిలో గట్టిపడ్డ దూదిని మా వాకిట్లోనే ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. ఆ ఏడూ వస్తాడని అమ్మ రజాయి విప్పేసింది. ఆయన రాలేదు. ఆయనలాంటి ముసల్మానుల ఇళ్లకు తాళాలు ఎందుకు పడ్డాయో వీధిలో అందరికీ తెలుసు. ఆయన ఏమయ్యాడని మా ఇంట్లో ఒక్కరూ వెళ్లి అడగలేదు.

దూది గోనెసంచిలో ఉండిపోయింది. క్రిస్మస్ నాటకానికి నాన్నే పెద్ద. మిషను దొరసానమ్మ ఇచ్చిన కార్డులో పశువుల పాక మీద మంచు ఉంది కాబట్టి మన పాక మీదా ఉండాలట! బేత్లెహేము ఎక్కడుందో పటం మీద బెత్తంతో చూపించే మనిషి. సంచెడు దూదీ మైదా జిగురుతో తడికలకు అంటించేశాడు.

సరిగ్గా ఆ వారమే హుస్సేన్ సాగర్ మీదుగా చలిగాలి మొదలైంది. పట్టపగలు కూడా కిటికీ తలుపులు టపటపా కొట్టుకునేవి. నాయనమ్మకు ఉబ్బసం. రెండు చీరలు, పైన గోనెపట్టా కప్పుకుని దగ్గుతూ కూచునేది.

"నాన్నా, ఆ దూది తెచ్చెయ్యి" అన్నాను.

"రెండ్రోజులు ఓపిక పట్టవే. పండగ అవగానే తెస్తాగా!"

నాటకం నాటి సాయంత్రం నాయనమ్మ ముందు వరసలో చాప మీద కూచుని, కొడుకు చేసిన మంచును చూసి మురిసిపోయి చప్పట్లు కొట్టింది. దేవదూత వేషంలో ఉన్న నాకు ఆ పాకను తన్ని కూలదోయాలనిపించింది. మర్నాడు పీకితే దూది అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. ఇక దేనికీ పనికిరాలేదు.

జనవరి దాటకముందే నాయనమ్మ పోయింది. ఛాతీకి నిమ్ము చేరిందన్నాడు డాక్టరు. దేవుని చిత్తమన్నాడు నాన్న. మధ్యలో దేవుడేం చేశాడు?

మార్చిలో దూదేకుల తాత వచ్చాడు. ఎప్పుడూ ఉండే గడ్డం లేదు. మనిషి సగమయ్యాడు. విల్లు దించి వాకిట్లో నిలబడ్డాడు.

"జెర ఆలస్యమైంది సారూ. పానం దక్కించుకోను అల్వాల్ అవతల దాక్కున్న. ఈసారి సలి మస్తుండె. పెద్దమ్మకు రజాయి లేకపాయె గదా అని నాకు ఒకటే పరేషాన్. తెండ్రి, ఇప్పుడన్న ఏకిస్తా."

నాన్న లోపలికి వెళ్లిపోయాడు. తాతకు జవాబు నేను చెప్పాల్సి వచ్చింది.