ఎనిమిది పాటల్లో మూడోది

నజీర్ అహ్మద్‌కి ముక్కు మీదే కోపం. పాత పోస్టాఫీసు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు అతనిది. "ఎంతసేపవుతాది?" అని రెండోసారి అడిగినవాడి చేతిలో విప్పిన రేడియో విప్పినట్టే పెట్టి పంపేసేవాడు. అలాంటి మనిషి పెళ్ళి పందిట్లో కూచుని, తాగి ఊగుతున్నవాళ్ళు ఏ పాట అడిగితే ఆ పాట గిటారు మీద వాయించేవాడంటే నమ్ముతారా? వాయించాడు. ఎందుకు వాయించాడో చెబుతాను, వినండి.

ఆ గిటారు అతనికి డెబ్భై నాలుగులో దొరికింది. రేవులో ఆగిన గ్రీకు ఓడ నావికుడొకడు టేప్‌రికార్డరు బాగుచేయించుకుని, మజూరీకి బదులు రెండు తీగలు తెగిన ఎలక్ట్రిక్ గిటారు, ఒక రాక్ రికార్డు ఇచ్చిపోయాడు. రికార్డు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులూపుతూ ఒక మాట చెప్పాడు. ఇందులో పాటలన్నీ ఒకే మనిషి కథ, యుద్ధం రోజుల్లో వాడు ఎలా బతికాడో వరసగా ఉంటుంది, మధ్యలో ముల్లు ఎత్తొద్దు అని. నజీర్‌కి అందులో మాటలు సగం కూడా అర్థం కాలేదు. అయినా నెల రోజులు ముల్లు ఎత్తకుండా విన్నాడు, వింటూనే గిటారుకి తీగలు కట్టుకుని వాయించడం నేర్చుకున్నాడు. భార్య తాహెరా చెవుల్లో దూది పెట్టుకుంది.

ఆ గోల విని "బావుందే!" అన్నవాడు ఊరు మొత్తానికి ఒక్కడే, ఎల్లారావు. పోర్టులో బస్తాలు మోసే కూలి. తండ్రి దగ్గర నేర్చిన జముకు వాయిస్తాడు. ఒంటితీగ లాగి గుమ్ము గుమ్ముమనిపిస్తూ రాత్రంతా కథ చెప్పే వాద్యం అది.

"ఇందులో కొత్తేటుంది బావా?" అన్నాడు ఎల్లారావు. "మా జముకులకథా ఇంతే గదా. ఒకపాలి మొదలెడితే ముగిసేదాకా లేవకూడదు. మధ్యలో లేసినోడికి కథ తగల్దు."

"మరి మనం ఒక కథ కట్టలేమా?"

"ఎవుడి కథ?"

"నీదే. మీ ఊరిది."

ఎల్లారావు ఊరు ఉక్కు ఫ్యాక్టరీకి పోయే భూముల్లో ఉంది. పోతుందని చెప్పింది డెబ్భైల మొదట్లో, పోయింది ఎనభై ఒకటిలో. మధ్యలో ఆ పదేళ్ళూ ఉన్నాయే, అవి పగవాడికి కూడా వద్దు. రేపు ఊరే ఉండదంటే ఇల్లు కొత్తగా నేసేదెవరు? కురిసినా, తాటాకు కప్పకుండా చినుకుల కింద గిన్నెలు పెట్టుకుని పడుకున్నారు. జీడిమొక్క నాటడం మానేశారు. లేని ఊరికి పిల్లనెవరిస్తారని సంబంధాలు ఆగిపోయాయి. ఎల్లారావు తండ్రి బెంగతోనే మంచం పట్టి, కొత్త కాలనీకి వెళ్ళిన నలభయ్యో రోజున పోయాడు. బతుకుతున్నారో, ఎదురుచూస్తున్నారో తెలియకుండా అంతమంది ముసలివాళ్ళయిపోయారు.

ఇదంతా ఏళ్ళ తరబడి కట్టగా కట్టగా ఎనిమిది పాటలయింది. మొదటిది నోటీసు, రెండోది కురిసే ఇల్లు. మూడోది లారీ పాట. సామాన్లకి లారీ వచ్చినప్పుడు ఊళ్ళో పిల్లలు లారీ ఎక్కుతున్నామని గంతులేశారట. ఆ గంతులన్నీ ఆ పాటలో పెట్టారు.

"లారీ వచ్చింది లెగండ్రా, మంచాలెత్తండి,
ముసిల్దాన్నెక్కించండి, మువ్వలు కట్టండి,
కోడిపెట్టకి టిక్కెట్టేటి, కూకోబెట్టండి!"

వింటే కాళ్ళు ఆగవు. కావాలనే అలా కట్టారు. ఎందుకంటే నాలుగో పాటలో లారీ దిగుతారు. చుట్టూ ఇళ్ళ స్థలాలకి గీసిన సున్నం గీతలు తప్ప ఏమీ ఉండదు. నీళ్ళకుండ నెత్తినుంచి దించి ఎక్కడ పెట్టాలో తెలియక ఆడవాళ్ళు అలాగే నిలబడతారు. అక్కడ గిటారు ఆగి జముకు ఒక్కటే మోగుతుంది. అక్కడినుంచి తండ్రి చావుదాకా కథ దిగుతూనే ఉంటుంది.

ఎనిమిదో పాట ఎల్లారావు తల్లి సన్యాసమ్మ పాడాలి. మొగుడు పోయినప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపే ఆ పాట. ఆవిడ ముందు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఒక షరతు పెట్టింది.

"పాడతాను బాబూ. గానీ నా ఏడుపొక్కటీ ఇడదీసి ఎవులికీ ఇనిపించకు. ముందు మా ఊరు సూపించు, అదెలాగ పోనాదో సూపించు, అప్పుడు నన్ను ఏడవనీ. నేకపోతే ఎవురో అడుక్కునేది ఏడుస్తందనుకుంటారు."

"అల్లా సాక్షి అమ్మా. మొత్తం ఇన్నోళ్ళే నీ పాట ఇంటారు," అన్నాడు నజీర్.

ఎనభై రెండులో, పోర్టు దగ్గర ఒక చింతపండు గోడౌనులో, గోడలకి పరుపులు ఆనించి నాలుగు శుక్రవారాలు రికార్డు చేశారు. ఆరో పాట మధ్యలో ఓడ కూత పడింది. "ఉండనీ, అదీ మనదే," అన్నాడు నజీర్. అంత ఆనందంగా అతన్ని తాహెరా పెళ్ళినాడు కూడా చూడలేదట.

క్యాసెట్ తీసుకుని జగదాంబ సినిమాహాలు దగ్గర భీమశంకరరావు క్యాసెట్ల కొట్టుకి వెళ్ళాడు. ఆ రోజుల్లో క్యాసెట్ కొట్టు వ్యాపారం ఎలా నడిచేదో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. జనం చీటీ మీద తమకి కావలసిన పాటలు రాసిస్తారు, కొట్టువాడు ఖాళీ టేపు మీద ఆ పాటలే ఎక్కించి ఇస్తాడు. టేపు చివర రెండు మూడు నిమిషాలు మిగిలితే కొట్టువాడే ఏదో ఒకటి వేసి నింపుతాడు. లారీ పాట సరిగ్గా మూడు నిమిషాలు. ఇంకేం కావాలి?

ఆరు నెలల్లో లారీ పాట ఎలమంచిలినుంచి తగరపువలసదాకా పాకిపోయింది. నిమజ్జనం లారీలమీద అదే, పెళ్ళి బస్సుల్లో అదే. మిగతా ఏడూ ఏమయ్యాయని అడగండి. ఎవడూ అడగలేదు!

నజీర్ కొట్టుమీదికి వెళ్ళి అరిచాడు. "ఎక్కిత్తే ఎనిమిదీ ఎక్కించండి, నేకపోతే మానీయండి!"

భీమశంకరరావు నవ్వాడు. "ఏటి నజీరూ, డబ్బులిచ్చి ఏడుపు కొనుక్కుంటారేటయ్యా ఎవరైనా? నీ పాట ఊరంతా పాడుతున్నారు. సంతోషించక!"

సంతోషించకపోయినా తినాలిగా. ఆర్కెస్ట్రావాళ్ళు లారీ పాట కట్టినవాడని నజీర్‌ని పెళ్ళిళ్ళకి పిలవడం మొదలెట్టారు. వెళ్ళాడు. ఒకపక్క పాటని తిట్టుకుంటూ, ఇంకోపక్క దాని కూడు తిన్నాడు.

సన్యాసమ్మకి మాత్రం నిజం చెప్పలేకపోయాడు. కనబడినప్పుడల్లా ఆవిడ అడిగేది, "మా ఊరు ఇన్నారా బాబూ?" అని. ఇతను "ఇంటన్నారమ్మా" అనేవాడు.

ఒకరోజు ఆవిడే కొట్టుకి వచ్చింది. మద్దిలపాలెం బస్ డిపో దగ్గర సోడా కొట్టులో లారీ పాట వినబడిందట. ఆహా, మా ఊరే అనుకుని నిలబడిపోయిందట. తర్వాతది వస్తుంది, తర్వాతది వస్తుందని, బస్సులు పోతున్నా కదలకుండా టేపు రెండు పక్కలా అయ్యేదాకా నిలబడిందట. వచ్చినవన్నీ సినిమా పాటలే.

"మా ఊరు లారీ ఎక్కినాది బాబూ, దిగనేదు," అంది. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నజీర్ చేతిలో సోల్డరింగ్ ఇనుము అలాగే పొగలు కక్కుతూ ఉండిపోయింది.

ఆ సిగ్గు అతన్ని నిలవనియ్యలేదు. ఎనభై ఆరులో ఫ్యాక్టరీ కోసం ఇంకో ఊరు ఖాళీ చేయిస్తున్నారని ఎల్లారావు చెప్పగానే మైకు సెట్టు ఎత్తించాడు. "పెళ్ళోళ్ళకేటి తెలుస్తాది బావా? ఇది ఆళ్ళ కథే. ఆళ్ళయినా మొత్తం ఇంటారు," అన్నాడు. సన్యాసమ్మకి కూడా చెప్పి వెళ్ళాడు, ఇవాళ నీ పాట పడుతుందమ్మా అని.

వెళ్ళేసరికి సామాన్లు రోడ్డు మీదున్నాయి. మొదటి పాట వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. రెండోదీ అంతే. మూడోది మొదలవగానే పిల్లలు ఈలలు. మంచాలు మోసేవాళ్ళు మంచాలు దించి మరీ ఆడారు. నజీర్ మైకు సౌండు పెంచాడు. ఇప్పుడు, ఇప్పుడు వింటారు. నాలుగోది మొదలైంది. గిటారు ఆగింది. జముకు గుమ్ము గుమ్ముమంది.

"ఒరే, ఆపరా అది!" అని ఒక కుర్రాడు అరిచాడు. "లారీ పాట మళ్ళీ ఎయ్యి!"

"ఇది మీ కథరా! ఇనండ్రా! తర్వాత ఏటవుతాదో ఇనండ్రా!" నజీర్ గొంతు చిరిగేలా అరిచాడు.

గంగాలమ్మ అనే ముసలావిడ, చంకలో చాప చుట్టతో, దగ్గరికొచ్చింది. కోపం లేదు ఆవిడకి. "తర్వాత ఏటవుతాదో మాకు తెల్దేటి నాయనా? అది అక్కడికెల్లాక ఎలగా ఉంది. ఎక్కినంతసేపూ పిల్లల్ని ఆడనీ," అంది.

ఎల్లారావు నజీర్ మొహం చూడలేదు. వంగి, టేపు వెనక్కి తిప్పి, మూడోది పెట్టాడు. లారీలు కదిలాయి.

తిరిగొచ్చే దార్లో, కాలనీలో సన్యాసమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇన్నారా బాబూ?"

ఎల్లారావు తల దించుకుని పెరట్లోకి పోయాడు.

"ఇన్నారమ్మా. ఎనిమిదీ ఇన్నారు."

"నాది పాడినప్పుడు?"

"ఏడిసినారు," అన్నాడు నజీర్. "అందరూ ఏడిసినారు."

సన్యాసమ్మ కళ్ళొత్తుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ మొహం అంత తేటగా అతను చూడలేదు. చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, చేపల పులుసుతో అన్నం పెట్టి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ఎదురుగా కూచుంది. నజీర్ ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు.

సాయంత్రం తగరపువలసలో పెళ్ళి. లారీ పాట రెండుసార్లు వాయించాడు. రెండోసారి, పిల్లని బస్సెక్కిస్తూ, ఆడపెళ్ళివారు అడిగారు.