ఉతికిన దుప్పట్ల మీద నీలం

మొదటి రోజు మా టీచర్ చేసిన మొదటి పని, మా అందరి దగ్గరా నల్ల రంగు ట్యూబులు తీసేసుకోవడం. ఖాళీ బిస్కెట్ డబ్బా ఒకటి పట్టుకుని, హారతి పళ్ళెం తిప్పినట్టు ప్రతి బల్ల దగ్గరా ఆగారు.

"ఆఖరి రోజున ఇచ్చేస్తాను. అందాకా నీడలు నిజంగా ఏ రంగులో ఉంటాయో చూడండి," అన్నారు.

నా ట్యూబు మూత కూడా తీయనిది. డబ్బాలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు నేను నేర్చుకున్న బొమ్మ అంటే ముందు పెన్సిలు, దాని మీద నల్ల గీత, గీత దాటకుండా రంగు. నలుపు లేకుండా జుట్టెలా వేస్తారు? అడగాలనిపించింది. అడగలేదు. ఆ క్లాసులో నేను తలుపు పక్కన కూర్చునేదాన్ని. హాజరు పిలిచినప్పుడు తప్ప నా గొంతు ఎవరూ విన్నట్టు లేదు.

అప్పటికి మేము ఆక్లాండ్ వచ్చి రెండేళ్ళు. శాండ్రింగ్‌హామ్‌లో అద్దె ఇల్లు. నాన్నది కంప్యూటర్ ఉద్యోగం, నాది ఒక చిన్న ఆఫీసులో ఫైళ్ళు సర్దే పని. అమ్మ ఇంట్లోనే ఉండేది. లైబ్రరీ గోడ మీద 'ఇంప్రెషనిస్టుల్లా వేద్దాం' అన్న కాగితం చూసి, శనివారం క్లాసులో చేరాను. ఎవరితోనూ చెప్పకుండా చేసిన మొదటి పని అదే.

ఆ వారమే ఇంప్రెషనిస్టులనే ఆ ఫ్రెంచి చిత్రకారుల గురించి లైబ్రరీ నుంచి మోయగలిగినన్ని పుస్తకాలు తెచ్చుకున్నాను. చదువుతుంటే కూర్చోలేకపోయాను. పారిస్‌లో ప్రభుత్వం వాళ్ళ పెద్ద ప్రదర్శన ఉండేదట. అందులో గోడ దొరక్కపోతే చిత్రకారుడికి బతుకు లేదు. వీళ్ళ బొమ్మలు అక్కడ మళ్ళీ మళ్ళీ తిరస్కరించారు. పూర్తి కాలేదన్నారు. అప్పుడు వీళ్ళు ఒక ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. అది చూసినవాళ్ళు గోడలకంటించే కాగితమే ఇంతకంటే నయమన్నారు. వెక్కిరించడానికి పెట్టిన పేరునే చివరికి తమ పేరుగా ఉంచేసుకున్నారు! రంగులు తగరపు ట్యూబుల్లోకి రావడం వల్లే బొమ్మలు వేయడానికి తేలిగ్గా ఆరుబయటికి పోగలిగారట. ఆ వాక్యం డైరీలో ఎక్కించుకుని నా పెట్టెలోని ట్యూబుల్ని ఒకసారి చేత్తో తడిమాను.

ఇంట్లో నెట్ డయల్-అప్. ఒక్క బొమ్మ తెర మీదకు దిగాలంటే ఫోన్ లైను అంతసేపూ దానికే. ముందు ఆకాశం వచ్చేది. కాసేపటికి చెట్ల పైకొమ్మలు. గడ్డివాములు దిగేసరికి నాన్న, "ఇంకా అవ్వలేదా? ఆఫీసు నుంచి కాల్ రావాలమ్మా," అనేవారు. ఒకే గడ్డివామిని పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా, మంచులో ఒకలా వేశాడు ఆ చిత్రకారుల్లో ఒకాయన. మాది వరి పండే ఊరు. గడ్డివాము అంటే అందులో చూసేదేముంది అనుకుంటూ పెరిగాను.

తర్వాతి సోమవారం బస్టాపు నీడను మొదటిసారి చూశాను. అది నల్లగా లేదు. ఊదాగా ఉంది! గడ్డి మీద పడ్డచోట నీలం, తారు రోడ్డు మీద ఊదా. అక్కడ నిలబడ్డవాళ్ళెవరూ దాని గురించి ఏమీ అనడం లేదు. ఎవరి చెయ్యైనా పట్టుకుని చూపించాలనిపించింది. నాలో నేనే నవ్వుకుంటూ బస్సెక్కాను.

కోర్సు చివరి శనివారం మా క్లాసు జరిగే హాల్లోనే ప్రదర్శన అన్నారు. మనిషికో బొమ్మ. "ఒకటే షరతు. నలుపు కనిపిస్తే గోడెక్కదు," అన్నారు టీచర్. నా బొమ్మ ఆ గోడ మీద ఉండాలి, అమ్మ దాన్ని అక్కడ చూడాలి అన్న కోరిక ఎంత గట్టిగా పట్టుకుందంటే, రాత్రి భోజనాల దగ్గర క్లాసు సంగతి బయటపెట్టేశాను.

మా పెరట్లో గొడుగులా గిర్రున తిరిగే దండెం ఉండేది. దాని మీద అమ్మ దుప్పట్లు ఆరేస్తే గాలికి అవి పొట్టలుబ్బి తిరిగేవి. వెనక నుంచి ఎండ పడితే వాటి మడతల్లో ఎన్ని రంగులో! అదే వేద్దామనుకున్నాను. గాలికి పడిపోకుండా బొమ్మ స్టాండుని ఒక రాతి దిమ్మకి తాడుతో కట్టి మొదలుపెట్టాను.

అమ్మ వెనక నుంచి వచ్చి చూసింది.

"ఏమిటే ఇది? తెల్ల దుప్పటి మీద నీలం మరకలేమిటి?"

"మరకలు కాదమ్మా, నీడలు."

"చూసినవాళ్ళు నేను సరిగ్గా జాడించలేదనుకోరూ? ఆ మూల ఊదా కూడా పూశావు. నా దుప్పటి అలా ఉందా?"

"దగ్గర్నుంచి కాదు, దూరం నుంచి చూడాలి. ఆ ఫ్రెంచివాళ్ళని కూడా అందరూ ఇలాగే తిట్టారు తెలుసా?"

"వాళ్ళమ్మల దుప్పట్లయ్యుంటాయి," అంది అమ్మ.

ఇంతలో మబ్బు పట్టింది. ఆక్లాండ్ మబ్బు మన ముఖం చూసి ఆగేది కాదు. అమ్మ బుట్ట పట్టుకుని పరుగెత్తింది.

"ఐదు నిమిషాలుంచమ్మా!"

"వాన పడుతోందే!"

"అమ్మా, ప్లీజ్!"

అమ్మ ఖాళీ బుట్ట నెత్తి మీద బోర్లించుకుని అక్కడే నిలబడింది. దుప్పట్లన్నీ తడిసి ముద్దయ్యాయి. నా బొమ్మ సగంలో ఆగింది. అమ్మ తిట్టుకుంటూ లోపలికి పోయింది. ఇక దుప్పట్ల జోలికి వెళ్ళకూడదేమో అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. సరిగ్గా అదే ఎండ వేళకి పెరట్లో దండెం కిర్రుమన్న చప్పుడు. వెళ్ళి చూస్తే అవే దుప్పట్లు, అదే వరసలో.

"నిన్నవి రాత్రి హీటర్ దగ్గర ఆరిపోయాయిగా?"

"ఆరితే ఏం? మళ్ళీ తడిపాను. తొందరగా కానీ, నాకు పప్పు పెట్టుకోవాలి."

ఆ తర్వాతి ఆదివారం కూడా తడిపింది. పక్కింటి కివీ ఆవిడ కంచె మీద నుంచి తొంగిచూసి, మీ ఇంట్లో చుట్టాలెక్కువేమో అందట. ఎండ ఎటు తిరిగితే అటు నా కుంచె పరుగెత్తింది. పసుపు పక్కన నీలం పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడం, గులాబీ చుక్క ఒకటి పడగానే తెలుపు ఇంకా తెల్లబడటం, ఇవన్నీ నా చేతి కిందే జరుగుతుంటే అన్నానికి పిలిచినా వినిపించేది కాదు.

ప్రదర్శన రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో ముందు గదిలో ఆనించి పెట్టిన బొమ్మ కింది మూలలో నల్లగా ఏదో కనిపించింది. దగ్గరికి వెళ్ళాను. కాటుక. ఇంకా పూర్తిగా ఆరని రంగులో వేలిముద్రంత దిష్టి చుక్క.

"అమ్మా! ఏం చేశావు!"

అమ్మ వేలు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఏం చేశాను? ముఖాన పెట్టలేదుగా. పసిపిల్లలకి అరికాలికి పెట్టినట్టు అడుగున పెట్టాను. అంతమంది చూస్తారు, అందరి కళ్ళూ ఒకలా ఉంటాయా?"

"నలుపు ఉండకూడదమ్మా. గోడెక్కనివ్వరు."

"ఎందుకెక్కనివ్వరు? ఇంత బాగుంటే?"

అరవబోయినదాన్ని ఆగిపోయాను. బాగుందని అమ్మ అనడం అదే మొదటిసారి. చాకు తీసి ఆ చుక్క దగ్గర పెట్టాను కానీ గీరలేకపోయాను. అలాగే కారులో పెట్టుకుని, ముందు నేను నాన్నతో వెళ్ళాను. అమ్మని తర్వాత తీసుకొస్తానన్నారాయన.

టీచర్ బొమ్మ అందుకుని కాసేపు చూశారు. ముఖం విప్పారింది. అంతలోనే కళ్ళు కింది మూలకి దిగాయి. "ఇది నలుపు కదా?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. తలుపు పక్కనే ఉంది. కానీ బొమ్మ ఆవిడ చేతుల్లో ఉంది.

"అది మా అమ్మ పెట్టింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మేము ముద్దొచ్చే పిల్లలకి అలా పెడతాం. ఎక్కువ బాగుంటే జనం చూపు తగిలి చెడిపోతుందని. ఆ చుక్క దగ్గర ముద్దు కాస్త తగ్గుతుంది, అందుకని. నేను తీసెయ్యాలనుకున్నాను. ఇప్పుడు తీయను. గోడ మీద పెట్టకపోయినా పర్వాలేదు."

పర్వాలేదన్నది అబద్ధం. మిగతాదంతా నిజమే.

టీచర్ బొమ్మని చేతులు చాచి దూరంగా పట్టుకున్నారు. "షరతు పెట్టింది చిత్రకారులకి. వాళ్ళమ్మలకి కాదు," అన్నారు. సుత్తి తీసుకుని కిటికీ ఎదురుగోడకి మేకు కొట్టారు. నేను బొమ్మ ఎత్తి పట్టుకున్నాను.

మా క్లాసులో రిటైరైన బస్సు డ్రైవరు తాతగారొకాయన ఉండేవారు. ఆయన వేసింది పడవల రేవు. పడవలకంటే అలలే లావుగా ఉండేవి. "అయితే నా బొమ్మకి కాపలా లేదన్నమాట," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, గట్టిగానే.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. హాలు ఆ చివర్న, కిటికీ వెలుగులో, దుప్పట్లు గాలికి తిరుగుతున్నాయి. అమ్మ తల కొంచెం పక్కకి వాల్చింది.

"ఇక్కణ్ణుంచి తెల్లగానే ఉన్నాయే!" అంది. "తళతళా తెల్లగా!"

దగ్గరికి నడిచింది, నీలం కనిపించింది. మళ్ళీ వెనక్కి గుమ్మం దాకా వెళ్ళింది. తెలుపు. మళ్ళీ ముందుకి. చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలా అటూ ఇటూ తిరుగుతుంటే మిగతావాళ్ళు దారి ఇచ్చారు. నాకు ఆ గోడ దగ్గర గెంతాలనిపించింది.

తాతగారు అమ్మ దగ్గరికి వచ్చి, టోపీ తీసి, తన పడవల బొమ్మ చూపించి, దీనికీ ఒక చుక్క పెడతారా అని అడిగారు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఆ బొమ్మని దగ్గర్నుంచి చూసింది. గుమ్మం దాకా వెళ్ళి దూరం నుంచీ చూసింది. తిరిగొచ్చి నా చెవిలో అంది:

"దీనికి అక్కర్లేదని చెప్పు."

"ఏమంటున్నారు?" అని తాతగారు నా ముఖంలోకి చూశారు. హాలంతా చూస్తోంది. దాచేద్దామనుకున్నాను గానీ, అమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పేశాను. అందరికంటే ముందు ఆయనే పడీపడీ నవ్వారు.