మైదుకూరు ఇంజనుకు కార్డు ముక్క

మూడేళ్ల తర్వాత అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది. "బావి కాడి ఇంజను పొద్దున ఆడుతుంది, వేడెక్కితే ఆగిపోతాంది. ఎద్దుల్ని అమ్ముకొంటిమి, కపిల తోలి నీళ్లు తోడే దారి కూడా లేదు. పసుపు తోట ఎండిపోతాంది." అట్టడుగున విడిగా ఒక వరుస: "నువ్వు రాకపోయినా ఏమనుకోను."

ఆ ఇంజను కొన్నప్పుడు నలుగురిలో మా బావను ఎగతాళి చేసినాను. "కపిల తోలేవాడికి మిషనెందుకు?" అన్నాను. కర్నూల్లో పిండిమిల్లు ఇంజను చూసుకునేవాణ్ణి గదా, ఆ పొగరు. అప్పట్నుంచీ రాకపోకల్లేవు.

తెల్లారి ఆరుకు బస్సెక్కినాను. యుద్ధకాలం, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చిన చోటల్లా మగవాళ్లం దిగి తోసినాము. పదిన్నరకు నంద్యాలలో భోజనం. చారు బాగుంది, అన్నం పలుకు. ఆ దారిన పోయేవాళ్లు పెరుగు అడిగి వేయించుకోండి, అడక్కపోతే వెయ్యరు.

మళ్లీ బస్సెక్కితే, పక్కన గాజుల మలారం మూటతో ఒక ముసలామె కూర్చుంది.

"యాడికి పోతాండావప్పా?"

"మైదుకూరు కాడ మా అక్కోళ్లింటికి."

"ఒట్టి చేతుల్తోనా? సిగ్గుగా లేదా?" అని మలారం విప్పింది. డజను పచ్చగాజులు తీసుకున్నాను. సంచిలో పెట్టుకుంటే తెలిసింది, వాల్వు సందు కొలిచే రేకు మిల్లులోనే మరిచి వచ్చినానని!

మూడుకు మైదుకూరులో దిగి, రోడ్డు వెంబడే రెండు మైళ్లు నడిచినాను. అక్క గాజులు చూసి ఏడ్చింది. బావ ఇంజను వైపు చెయ్యి చూపినాడు. తోటలో పసుపాకుల కొసలు మాడిపోయినాయి.

ఇంజను నిండా పసుపు, కుంకుమ. బావ ప్రతి శుక్రవారం కడిగి, బొట్టు పెట్టి, ఒక్కో మరా బిగిస్తాడంట.

"టిక్కు టిక్కుమంటాంటే వదులయిందనుకొంటి గదప్పా. బిగిస్తే చప్పుడు పోయె."

అయ్యో, చప్పుడుతో పాటు ప్రాణమూ పోయింది! వాల్వు కాడకూ, దాన్ని తొక్కే మీటకూ నడుమ కొంచెం సందు ఉండాలి. వేడికి ఇనుము సాగుతుంది. సందు లేకపోతే వాల్వు సరిగ్గా మూసుకోదు, ఇంజను ఊపిరి కారిపోతుంది.

రేకు లేదు. జేబులో అక్క కార్డు ఉంది, మందం సరిపోతుందనిపించింది. "సన్నంగా ఒక ముక్క కత్తిరించక్కా" అని ఇచ్చినాను. ఇంజను చల్లగానే ఉంది. చక్రం చేత్తో తిప్పి, రెండు వాల్వులూ మూసుకునే చోట ఆపి, ముక్కను సందులో పెట్టి మర సరిచేసినాను. లాగితే ముక్క ఒరుసుకుంటూ రావాలి. నట్టు మాత్రం బావ చేతనే బిగింపించినాను.

ఇంజను ఆడిస్తే టిక్కు టిక్కుమంది. గంటన్నర ఆడింది, బాగా వేడెక్కింది, ఆగలేదు. నీళ్లు చివరి మడి దాకా పారినాయి.

"బావా, ఆ పొద్దు నేనన్న మాట తప్పు. మన్నించు."

"మాటదేముండాదిలేప్పా. రేపే పోతాననొద్దు, కోడిని కోస్తాండా" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

మూడో రోజు ఎనిమిదింటికి తిరుగు బస్సు. ఆ దారిన పోయేవాళ్లకు ఒక మాట. మైదుకూరు దగ్గర రోడ్డు పక్కన టిక్కు టిక్కు వినపడితే అది మా బావ ఇంజనే. దాహమైతే అడగండి. కర్నూలు తమ్ముని పేరు చెప్తే మా అక్క మజ్జిగే ఇస్తుంది.

బస్సు కదిలినాక కార్డు తీసినాను. ముక్క బావ దగ్గరే ఉంది, దేవుని గూట్లో పెట్టుకున్నాడు. అక్క యాడ కత్తిరించిందో అప్పుడు చూసినాను. అడుగు వరుస లేదు. "నువ్వు రాకపోయినా ఏమనుకోను" అన్న ఆ ఒక్క వరుసనే, పైన ఒక్క అక్షరం తెగకుండా, కత్తిరించి ఇచ్చింది.