ఎడమ చెవిలో పడ్డ మాట

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. పాతికేళ్ళుగా విజయవాడలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తున్నాను. మార్చురీ పక్క కారిడార్‌లో ఏదో తిరుగుతుందని తోటివాళ్ళు అటు వెళ్ళడానికి జంకేవాళ్ళు. అక్కడ గాలి బాగా వస్తుందని నేను టిఫిన్ బాక్స్ పట్టుకెళ్ళి అక్కడే తినేదాన్ని. రిపోర్టులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అనుకునే మనిషిని. ఇది రాసేది అలాంటి మనిషని ముందే చెబుతున్నాను.

మా ఆయన పేరు రహీమ్. పటమటలో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆరేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. తక్కువ వినపడటం కాదు, అసలు వినపడదు. పెళ్ళయిన కొత్తలో నేనే పట్టుబట్టి పరీక్ష చేయించాను. కుడి చెవి బాగానే ఉంది. ఎడమ చెవిలో ఎంత పెద్ద శబ్దం పెట్టినా, వినపడితే ఎత్తమన్న చెయ్యి లేవలేదు. నరమే దెబ్బతింది, మిషన్ పెట్టినా లాభం లేదన్నారు డాక్టర్ గారు.

మొన్న చలికాలంలో, మా అమ్మాయి హాస్టల్‌లో చేరాక, ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి మేమిద్దరమే ఒక ఊరు వెళ్ళాం. నాకు పక్షులన్నా జంతువులన్నా పిచ్చి. నాగాయలంక అవతల మడ అడవుల్లో నీటిపిల్లి ఉంటుందని చదివినప్పటి నుంచీ దాన్ని చూడాలని కోరిక. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒంటి మీద నల్లటి చుక్కలు, నీళ్ళలో దిగి చేపలు పడుతుంది.

“పిల్లి కోసం అంత దూరమా? మన సందులో లేవా?” అన్నారు ఆయన. అంటూనే షాపులో కూర్చుని నా బైనాక్యులర్స్ అద్దాలు తళతళలాడేలా తుడిచి ఇచ్చారు.

మొదటి రోజు పిల్లి కనపడలేదు. కానీ లకుముకి పిట్టలు కనిపించాయి. నీటికుక్కల కుటుంబం ఒకటి మా పడవ పక్కనే ఈదుతూ, తలలు పైకెత్తి మమ్మల్నే వింతగా చూసింది. మా ఆయన వాటికి సలాం కొట్టారు. మధ్యాహ్నం మెస్‌లో చేపల వేపుడు తిని, లాడ్జి వరండాలో కుర్చీలేసుకుని సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నాం. అంత తీరిగ్గా మేమెప్పుడు కూర్చున్నామో గుర్తులేదు.

రెండో రోజు తెల్లారాక మళ్ళీ బయల్దేరాం. పడవ నడిపేది ఏసుబాబు అని, ఆ పాయల్లోనే పుట్టి పెరిగిన మనిషి. సన్నటి పాయలోకి మళ్ళగానే పడవ ఫ్యానుకి పాత వల ముక్క చుట్టుకుంది. ఇంజన్ ఆపి, గట్టుకి ఆనించి, మాకు వీపు పెట్టి దాన్ని కోయడం మొదలుపెట్టాడు. అప్పుడే ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. తేలిన బురద మీద తాజా అడుగుల గుర్తులు కనిపించాయి నాకు. పిల్లి అడుగులే, కానీ పెద్దవి. ఇంకేముంది, ఫోన్ తీసుకుని ముందు వైపుకి వెళ్ళి, ఫొటో తీద్దామని ఒక కాలు బయటపెట్టాను. బురద పైకి గట్టిగానే కనిపించింది.

మా ఆయన వెనక నుంచి నా మణికట్టు పట్టుకుని లాగారు. ఎంత గట్టిగా అంటే పడవ ఊగిపోయింది, నేను ఆయన ఒళ్ళో పడ్డాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

చప్పుడుకి ఏసుబాబు తిరిగి చూశాడు. “అమ్మగారూ, అక్కడ దిగుతారేంటండీ!” అంటూ గెడ తీసుకుని నేను అడుగెయ్యబోయిన చోట గుచ్చాడు. మనిషికి రెండింతలున్న గెడ. అడ్డే లేనట్టు దిగిపోయింది. అతని పిడికిలి బురదకి తగిలాక ఆగాడు, అదీ అడుగు తగిలి కాదు, తనే ఆపాడు.

ముగ్గురం ఆ గెడ వైపే చూస్తుండగా అది వచ్చింది. మడ వేళ్ళ మధ్య నుంచి నీటిపిల్లి తాపీగా నీటి అంచుకి దిగి, మమ్మల్ని ఓసారి చూసి, పంజాతో నీళ్ళలో ఒక్క దెబ్బ కొట్టి, చేపని నోట కరుచుకుని వెళ్ళిపోయింది. నాకు తెలియకుండానే నవ్వుతున్నాను.

పడవ తిరుగుముఖం పట్టాక ఆయన్ని అడిగాను, అక్కడ లోతని మీకెలా తెలుసని.

“నాకేం తెలుసు? ఎవరో చెప్పారు. ఈ చెవిలో,” అని ఎడమ చెవి పట్టుకుని చూపించారు. ఆ కళ్ళలో నీళ్ళు. “ఆ వైపు శబ్దం ఎలా ఉంటుందో మర్చిపోయాను షమీమ్. ఆవిడ ఊపిరి కూడా తగిలింది.”

పెద్దావిడ గొంతట. “పిల్లని దిగనీకయ్యా” అందట. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ. పడవలోనూ అదే మాట్లాడుకున్నాం. వాళ్ళమ్మ గొంతు తలుచుకున్నారేమో అనుకుందామంటే, మా అత్తగారికి తెలుగు ముక్క రాదు. ఆ మాట మాత్రం తెలుగులో వచ్చింది, అదీ ఆ దివిసీమ యాసలో.

చుట్టుపక్కల ఆడవాళ్ళెవరైనా ఉన్నారా అని ఏసుబాబుని అడిగాను. “ఈ పాయలోకి మనం తప్ప ఎవరూ రాలేదండీ. ఇంకో పడవ జాడే లేదు,” అన్నాడు. నాకూ ఏ మాటా వినపడలేదు.

విజయవాడ రాగానే ఆయనకి మళ్ళీ పరీక్ష చేయించాను. పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లేదు. ఎడమ చెవికి ఈసారీ చెయ్యి లేవలేదు. భార్య పడిపోతుందన్న కంగారులో మనసే ఆ గొంతుని కల్పించి ఉంటుందన్నారు డాక్టర్ గారు. ఆ మాట నాకు నచ్చింది. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను.

ఆయన టీ తాగుతూ అంతా విన్నారు. “నా మనసే అయితే నిన్ను షమీమ్ అనేది. పిల్ల అని ఎందుకంటుంది?” అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నీళ్ళ మీద ఎవరున్నారో, యాభైకి దగ్గరపడ్డ నేను ఎవరి కళ్ళకి పిల్లలా కనపడ్డానో నాకు తెలియదు. ఎవరైనా గానీ, ఆవిడంటే నాకు భయం మాత్రం వెయ్యలేదు.